కందకం దాటాక వైరు లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొదటి ప్రపంచ యుద్ధం కందకాల మీద పోయిన ఆదివారం మీరు వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫోటోలు బాగున్నాయి. కానీ వ్యాసం మొత్తం రెండు ముక్కల్లో తేల్చేశారు: జనరల్స్‌కి బుద్ధి లేదు, చివరికి ట్యాంకులొచ్చి పని కానిచ్చాయి. నేను సైన్యంలో ఇరవై రెండేళ్లు ఫిరంగి దళానికి టెలిఫోన్ లైన్లు వేసి, హవల్దారుగా రిటైరైనవాణ్ని. జనరల్స్‌ని వెనకేసుకురావాల్సిన అవసరం నాకేమీ లేదు. అయినా ఈ లెక్క నాకు కుదరలేదు.

శత్రువు మొదటి కందకంలోకి దూరడం అసాధ్యమేమీ కాదు. 1915 మార్చి 10న ఫ్రాన్స్‌లోని న్యూవ్ షాపెల్‌లో ఏం జరిగిందో చూడండి. ఉదయం ఏడున్నరకు మొదలుపెట్టి ఫిరంగులు 35 నిమిషాలు కొట్టాయి. 8:05కి బ్రిటిష్ వాళ్లతో పాటు మన గఢ్వాల్ రైఫిల్స్ కూడా లేచి ముందుకు నడిచారు. ఉదయం గడవకముందే ఊరు చేతికొచ్చింది. ఎడమ పక్క ఒకచోట మాత్రం గుండ్లు సరిగా పడక జర్మన్ కందకం చెక్కుచెదరలేదు, అక్కడ దిగిన పటాలాలు మెషిన్‌గన్లకు కూలిపోయాయి. అసలు నష్టం దాని తర్వాత జరిగింది. మిగతా చోట్ల దారి దాదాపు ఖాళీగా ఉంది, కానీ ఆ సంగతి వెనక ఉన్న కమాండర్లకు తెలిసే మార్గం లేదు. టెలిఫోన్ వైర్లు తెగిపోయాయి. కబురు కాలినడకన వెళ్లి, ఆర్డరు కాలినడకన వచ్చి, మళ్లీ కదిలేసరికి సాయంత్రం అయిదున్నర. చీకటి పడిపోయింది. జర్మన్లు రిజర్వు దళాలను తెచ్చి కొత్త కందకాలు తవ్వేసుకున్నారు. నాలుగు రోజుల్లో బ్రిటిష్ పక్షంలో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి 11 వేలకు పైనే. అందులో సుమారు 4 వేలు మనవాళ్లు. గఢ్వాల్ రైఫిల్స్ సిపాయి గబర్ సింగ్ నేగికి విక్టోరియా క్రాస్ వచ్చింది అక్కడే, అందుకోవడానికి ఆయన లేడు.

మా భాషలో చెబితే ఇది టెలిఫోన్ లైను సమస్య. గుండ్లు పడినా తెగకుండా ఆ తర్వాతి రోజుల్లో వైర్లు ఆరడుగుల లోతున పాతేవారు. మంచి పనే, కానీ ఆ వైరు మన ముందు కందకం దగ్గరే ఆగిపోతుంది. అది దాటి వెళ్లినవాడికి మిగిలేవి జెండాలు, పావురాలు, పరిగెత్తి కబురు తెచ్చే కుర్రాళ్లు. వెనక్కి తగ్గినవాడు మాత్రం తను పాతుకున్న వైర్ల మీదికే, తన రైలు మార్గం దగ్గరికే వెళతాడు. గెలుస్తున్నకొద్దీ గుడ్డివాడయ్యేది దాడి చేసేవాడే. ఒకసారి ఫైరింగ్ ప్రాక్టీసులో రాత్రిపూట మా బండే మా వైరును తెంపేసింది. వైరును చేత్తో పట్టుకుని తడుముకుంటూ పోయి, తెగినచోటు దొరికించుకునేసరికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ ఫిరంగులు నోరు మూసుకుని కూర్చున్నాయి. మామీద ఎవరూ గుండ్లు వేయడంలేదు కూడా.

1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ నది దగ్గర బ్రిటిష్ వాళ్లు చేసిన దాడిలో నేర్చుకున్నది తప్పుడు పాఠం అన్న మీ రచయిత మాట ఒప్పుకుంటాను. ఏడు రోజుల పాటు 15 లక్షల గుండ్లు కొట్టినా, ముళ్లకంచె చాలాచోట్ల తెగలేదు, ముప్పై అడుగుల లోతు బంకర్లలో ఉన్న జర్మన్లు బతికే ఉన్నారు. 1916 జులై 1 ఒక్కరోజే 57,470 మంది బ్రిటిష్ సైనికులు దెబ్బతిన్నారు, వాళ్లలో 19,240 మంది చనిపోయారు. ఇంతకంటే చెప్పేదేముంది.

కానీ ఆ తర్వాత బుద్ధి తెచ్చుకున్న సంగతి మీ వ్యాసంలో లేదు. శత్రు ఫిరంగి ఎక్కడుందో దాని చప్పుడుతోనే పట్టే పద్ధతిని బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త లారెన్స్ బ్రాగ్ బృందం తయారుచేసింది. వరసగా మైకులు పెట్టి, మోత ఒక్కోదానికి ఎంత తేడాతో చేరిందో కొలవడం. సన్నని ప్లాటినం తీగను వేడిచేసి, ఫిరంగి మోత గాలికి అది చల్లబడడాన్ని పట్టుకునే మైకు టక్కర్ అనే ఆయనది. (మరుగుదొడ్డిలో కూర్చున్నప్పుడు దూరాన ఫిరంగి పేలితే తను సీటు మీంచి కాస్త లేచినట్టయ్యేదని, వినపడని మోతలోనూ బలం ఉందని అలా తెలిసిందని బ్రాగే చెప్పుకున్నాడు. నోబెల్ వచ్చినాయన మరి!) 1918 ఆగస్టు 8న ఫ్రాన్స్‌లోని అమియా దగ్గర దాడి మొదలయ్యేనాటికి 530 జర్మన్ ఫిరంగుల్లో 504 ఎక్కడున్నాయో ముందే తెలుసు. వాటి నోరు మూయించగలిగారు కాబట్టే ఆ రోజు కొన్నిచోట్ల 13 కిలోమీటర్ల దాకా వెళ్లారు.

ట్యాంకుల మాటకొస్తే, ఆ ఉదయం నాలుగు వందలకు పైగా బయల్దేరాయి. ఆగస్టు 12కి పనిచేసేవి ఆరు. దాడి చప్పబడుతోందని కింది కమాండర్లు గట్టిగా చెబితే బ్రిటిష్ సర్వసేనాని హేగ్ అక్కడ ఆపించి, ఆగస్టు 21న ఉత్తరాన ఇంకోచోట మొదలుపెట్టించాడు. 1916లో ఆయనే నవంబరు దాకా సోమ్‌ను వదల్లేదు. నా దృష్టిలో పెద్ద మార్పు ఇదే.

వచ్చే ఆదివారం రెండో భాగం ఉందన్నారు. ట్యాంకు ఫోటోతో పాటు, వైరు చుట్ట భుజాన వేసుకుని బురదలో నడిచే సిగ్నల్స్ వాళ్ల ఫోటో కూడా ఒకటి దొరికితే వేయండి.

ఇట్లు
ఒక మాజీ హవల్దారు