నాన్న డ్రిల్లింగ్ మిషన్ మళ్ళీ తిరిగింది

రేయ్ మామా,

నిన్న రాత్రి నాన్న డ్రిల్లింగ్ మిషన్ తిరిగింది రా! ఆ చప్పుడు, వేడెక్కిన గ్రీజు వాసన, చిన్నప్పుడు నేను నిచ్చెన పట్టుకుని నాన్న కింద నిలబడ్డ రోజులన్నీ గుర్తొచ్చాయి. నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నా.

ఇనప బాడీది, రెండు చేతులా పట్టుకోవాల్సొచ్చేది, గుర్తుందిగా? ఈమధ్య స్విచ్ నొక్కితే వెనక గాలి రంధ్రాల్లోంచి నిప్పురవ్వలు రాలుతూ ఆగి ఆగి తిరిగేది, చివరికి పూర్తిగా ఆగిపోయింది. మోడల్ నంబరు పట్టుకుని మూడు వారాలు వెతికాను, అడిగినవాళ్ళంతా పార్టులు ఎప్పుడో ఆగిపోయాయి, కొత్తది కొనుక్కో అన్నారు. ఎంత బాధేసిందో.

ఇక లాభం లేదని విప్పి చూస్తే, గరగరమంటున్న బేరింగ్ మీద సన్నగా 608 అని ఉంది. అంటే లోపలి రంధ్రం 8 మి.మీ., బయట 22, మందం 7, ఎవరు తయారుచేసినా అదే కొలత. మిషన్ పేరు చెబితే దొరకనిది ఆ నంబరు చెప్పగానే దొరికింది! లోపలికి దుమ్ము పోకుండా రెండు వైపులా రబ్బరు సీలున్నది తీసుకున్నా. ఇరుసు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే నొక్కాలి, బయటి రింగు మీద కొడితే కొత్త బేరింగ్ కూడా పాడవుతుంది.

కార్బన్ బ్రష్‌లు, అదే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు, అరిగి గోరంత మిగిలాయి. కొలతలు తీసుకుని కాస్త పెద్దవి తెచ్చి, అద్దం ముక్క మీద ఎమరీ పేపర్ పరిచి మెల్లగా రుద్దాను, నాలుగు రుద్దులకోసారి హోల్డర్‌లో పెట్టి చూస్తూ. తనంతట తాను జారాలి, కానీ ఊగకూడదు, ఎక్కువ అరగదీస్తే మళ్ళీ నిప్పురవ్వలే. ఆ బ్రష్‌లు రాసుకుంటూ తిరిగే కమ్యుటేటర్ రాగి పలకల సందుల్లో ఇరుక్కున్న నల్ల పొడి కూడా గీరి తీసేశా. పక్కపక్క పలకల మధ్య మల్టీమీటర్ పెడితే అన్నిచోట్లా దాదాపు ఒకే రీడింగ్, అప్పుడు నా టెన్షన్ తగ్గింది. ఆర్మేచర్, అంటే మోటారు లోపల తిరిగే తీగల చుట్ట, కాలిపోయుంటే వైండింగ్ చేయించాల్సొచ్చేది.

ఏడిపించింది గేరే. ఒక పన్ను విరిగింది, దానికి బేరింగ్‌లా అందరూ వాడే నంబరేదీ ఉండదు. చివరికి ఇదే మోడల్‌ది, మోటారు కాలిపోయిన మిషన్ ఒకటి తెచ్చి అందులోంచి గేరు తీశా. పళ్ళు లెక్కపెట్టి, వాటి వాలు కూడా సరిచూశాకే ఎక్కించా.

పాత వైరు రబ్బరు పగిలిపోతే మూడు తీగలది వేసి, ఎర్త్‌ని బాడీకి బిగించాను. ఇనప బాడీకి అది లేకుండా నడపొద్దు మామా, ప్రాణాలతో పని.

నీ అటక మీదున్న పాత కటింగ్ మిషన్ పారేయకు. ప్లగ్ తీసేసి విప్పు, బేరింగ్ మీది నంబరు, బ్రష్ పొడవు వెడల్పు మందం రాసి పంపు. ఇక్కడ నేను వెతుకుతా.

నీ
మామ