‘పూర్తి కథ’ అని రాసి సగం కూడా చూపించలేదు: ‘ఉజుమాకి’ సినిమా పేజీ మీద నా ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి,

నమస్తే. పోయిన శనివారం రాత్రి మీ యాప్‌లో 149 రూపాయలు కట్టి ‘ఉజుమాకి’ సినిమా అద్దెకు తీసుకున్నాను. ఆదివారం పొద్దున చాట్‌లో ఫిర్యాదు చేస్తే, సినిమా నచ్చకపోతే డబ్బు వెనక్కి ఇవ్వడం కుదరదని ఒక్క ముక్కలో తేల్చేసి చాట్ మూసేశారు. నేను అడిగింది అది కాదు. అందుకే ఈసారి అంతా వివరంగా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

సినిమా పేజీలో మీరు రాసింది ఇదీ: ‘జున్‌జి ఇటో మాంగా పూర్తి కథ, మొదటి నుంచి చివరిదాకా’. మాంగా అంటే జపాన్ బొమ్మల కథ, ఇందులో ఒక ఊరికి సుడి ఆకారం శాపంలా పట్టుకుంటుంది. పైన బొమ్మగా పెట్టింది మాంగాలోని పెంకుటిళ్ల వరస, పైనుంచి చూస్తే ఊరంతా ఒకే సుడిలా చుట్టుకుపోయి కనిపించే దృశ్యం. ఆ బొమ్మ చూసే నేను డబ్బు కట్టాను. గంటన్నర సినిమాలో ఆ దృశ్యం ఎక్కడా రాలేదు. రాదు కూడా, ఎందుకంటే సినిమా కథ అక్కడిదాకా వెళ్లనే వెళ్లదు.

ఈ మాంగా 1998, 99 సంవత్సరాల్లో ‘బిగ్ కామిక్ స్పిరిట్స్’ అనే వారపత్రికలో వచ్చింది, తర్వాత మూడు సంపుటాలైంది. సినిమా 2000 ఫిబ్రవరిలో జపాన్‌లో విడుదలైంది, దర్శకుడు హిగుచిన్‌స్కీ. వాళ్లు సినిమా మొదలుపెట్టేనాటికి మాంగా ఇంకా పూర్తి కాలేదు, అందుకే ముగింపు వాళ్లే అల్లుకున్నారు. ఈ సంగతి ఆ మాంగా చదివేవాళ్లలో చాలామందికి తెలుసు. సినిమా అమ్ముకునే మీకు తెలియదంటే ఎలా నమ్మమంటారు?

నాకు ఈ పుస్తకం అంటే ప్రాణం. కాలేజీ హాస్టల్‌లో సీనియర్ ఒకావిడ ఇస్తే చదివాను, ఉద్యోగం వచ్చాక సొంత కాపీ కొనుక్కున్నాను. మా తమ్ముడు పుస్తకాలు ముట్టడు, కనీసం సినిమాగానైనా వాడికి ఈ కథ చూపిద్దామని కూర్చోబెట్టాను. లైట్లు ఆర్పి, ఫోన్లు పక్కన పెట్టి చూశాం. చివర పేర్లు పడుతుంటే వాడు నావైపు తిరిగి “ఇంతేనా అక్కా? ఎందుకు జరుగుతున్నాయి ఇవన్నీ?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, సినిమా దగ్గరా లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సినిమాలో బాగున్నవి లేవని అనను. కథానాయిక కిరియె స్నేహితుడు షుయిచికి నాన్నగా వేసిన రెన్ ఒసుగి గోడ మీద నత్తను కెమెరాతో తీస్తూ కూర్చునే సీన్ మాంగాలో ఉన్నంత భయంగానూ ఉంది, జాలిగానూ ఉంది. పక్కన మనిషి వచ్చి నిలబడ్డా ఆయనకు పట్టదు. మొత్తం సినిమాకు పులిమిన ఆ ఆకుపచ్చ రంగు కూడా, మొదట ప్రింటు పాడైందేమో అనుకున్నాను కానీ, కావాలనే చేశారు, కాసేపటికి కన్ను అలవాటు పడుతుంది. కానీ ఆయన చావు చూడండి. మాంగాలో గుండ్రటి చెక్క తొట్టి, మూత తీస్తే లోపల మనిషి చుట్ట చుట్టుకుని ఉంటాడు. ఆ పేజీ తిప్పేముందు మన చెయ్యి ఆగుతుంది, ఎందుకంటే అవతలి పేజీలో ఏదో ఉందని తెలిసిపోతుంది, అయినా తిప్పుతాం. సన్నటి పెన్ను గీతలతో ఒంటి మీద ప్రతి మడతా గీసి ఉంటుంది. సినిమాలో ఆయన వాషింగ్ మెషిన్‌లోకి దూరుతాడు. ఆ తొట్టిలో ఉన్న నిశ్శబ్దం ఇక్కడ లేదు.

ఇక పాతకాలపు సంగతులు తవ్వే విలేఖరి ఒకడు వస్తాడు. అతను వచ్చినప్పుడు నాకు ఆశ పుట్టింది, ఊరికి పట్టిన ఈ శాపం మూలం ఇప్పుడైనా చెప్తారేమో అని. తీరా అసలు మాట చెప్పేలోపే కారు ప్రమాదంలో పోతాడు. దాని తర్వాత ఆ దారం ఎవరూ అందుకోరు. తమ్ముడు అడిగిన ప్రశ్న సరిగ్గా ఇక్కడే తెగిపోయింది.

మాంగాలో అసలు బరువు అంతా రెండో సగంలో ఉంది. షుయిచి పక్క ఊళ్లో చదువుకుంటాడు కాబట్టి తన ఊరికి ఏదో పట్టిందని అందరికంటే ముందు అతనికి తెలుస్తుంది, ఊరు వదిలి పోదాం పద అని కిరియెను మొదట్లోనే బతిమాలుతాడు. ఆ మాట అప్పుడు పిచ్చిమాటలా వినిపిస్తుంది. వందల పేజీల తర్వాత అందరికీ వెళ్లిపోవాలని ఉంటుంది, కానీ ఏ దారిన బయల్దేరినా మళ్లీ అదే ఊరికి చేరతారు. ఆసుపత్రిలో గర్భిణుల కథ ఉంది, అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇళ్లు కూలిపోయి మిగిలినవాళ్లంతా పాత పెంకుటిళ్లలో ఇరుక్కుని, ఒకరితో ఒకరు మెలిబడి ఒకే ముద్ద అయిపోయే కథ ఉంది. ఊరి కింద ఏముందో, ఇది ఎన్నిసార్లు జరిగిందో తెలిసేది ఆ తర్వాతే. కిరియె, షుయిచి చివర ఎక్కడికి దిగుతారో ఇక్కడ రాయను, ఇది చదివే ఉద్యోగి మాంగా చదివి ఉండకపోవచ్చు. ఆసుపత్రిలో గర్భిణులు, పెంకుటిళ్లు, ఊరి కింది చోటు, ఈ మూడూ సినిమాలో లేవు. ఇవి లేకపోతే మిగిలేది వింత చావుల వరస, అంతే.

మీ తెలుగు సబ్‌టైటిల్స్ గురించి కూడా చెప్పాలి, ఇది పూర్తిగా మీ పని కాబట్టి. సినిమా పొడవునా ‘వృత్తం’ అని వేశారు. ‘ఈ ఊరికి వృత్తాలు పట్టాయి’ అట. వృత్తం అంటే గుండ్రంగా తిరిగి మొదలైన చోటే కలిసేది. ఇది అది కాదు, లోపలికి లోపలికి లాక్కుపోయేది. మనకు ‘సుడి’ అనే మాట ఉంది కదా! నీళ్లలో సుడి, సుడిగాలి, పిల్లల తలలో సుడి, అన్నింటికీ అదే మాట. కథ జరిగే ఊరి పేరు కురౌజు, ఆ పేరుకే నల్ల సుడి అని అర్థం. ఆ ఒక్క మాట సరిగ్గా పడితే షుయిచి అమ్మ తన వేలిముద్రలను చూసి ఎందుకు వణికిపోతుందో తెలుగు ప్రేక్షకుడికి వివరించే పనే ఉండదు. వేలి మీద గీతలు చూసుకున్న ఎవరికైనా అర్థమవుతుంది. ‘వృత్తం’ అని చదివి మా తమ్ముడు, వేళ్ల మీద వృత్తాలేంటి అని అడిగాడు.

ఆ రాత్రే వాడి చేతిలో పుస్తకం పెట్టాను. పన్నెండింటికి మొదలుపెట్టాడు. నేను రెండున్నరకు మంచినీళ్లకు లేస్తే హాల్లో లైటు వెలుగుతూనే ఉంది, వాడు సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని, నన్ను చూడకుండానే “ఒక్క నిమిషం అక్కా” అన్నాడు. ఈ కథకు ఆ బలం ఉంది. మీ పేజీ చూసి సినిమాతోనే మొదలుపెట్టినవాళ్లు, పూర్తి కథ ఇదే అనుకుని, పుస్తకం జోలికి వెళ్లకుండా వదిలేస్తారు. నా బాధంతా అదే.

కాబట్టి నేను అడిగేవి: ‘పూర్తి కథ’ అన్న మాట తీసేసి, ముగింపు వేరుగా ఉంటుందని, కథలో కొంత భాగమే ఉందని రాయండి. సినిమాలో లేని ఆ బొమ్మ తీసేసి సినిమాలోది ఏదైనా పెట్టండి. సబ్‌టైటిల్స్ జపనీస్ వచ్చిన తెలుగువాళ్లతో మళ్లీ చేయించండి. పేజీలో ఉన్నది ఒకటి, చూపించింది ఒకటి కాబట్టి నా 149 రూపాయలు వెనక్కి వేయండి. పేజీ స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు రెండూ దీనికి జత చేశాను. చాట్‌లో వచ్చినట్టు రెడీమేడ్ జవాబు వద్దు, పేజీ ఎప్పటికి మారుస్తారో తేదీతో సహా ఈమెయిల్‌లో రాయండి.

ఇట్లు,
నాలుగేళ్లుగా మీ చందాదారు