పదో తరగతి పరిణామ పాఠం గురించి ఎన్‌సీఈఆర్‌టీ డైరెక్టర్‌ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పదో తరగతి సైన్సులో ‘అనువంశికత, పరిణామం’ పాఠం ఇప్పుడు ‘అనువంశికత’గానే మిగిలింది. పరిణామం పన్నెండో తరగతిలో ఉందిగా అంటారు. పదితోనే బయాలజీ వదిలేసే పిల్లల సంగతేమిటి?

సికిల్‌ సెల్‌ అనే వంశపారంపర్య రక్తపు జబ్బునే తీసుకోండి. రక్తంలో ఆక్సిజన్‌ మోసే ప్రోటీన్‌ హీమోగ్లోబిన్‌. దాని బీటా జన్యువులో ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారి జీఏజీ కాస్తా జీటీజీ అవుతుంది. దాంతో ఆ ప్రోటీన్‌లో గ్లుటామిక్‌ ఆమ్లం స్థానంలో వేలీన్‌ అనే మరో అమైనో ఆమ్లం చేరుతుంది. ఆక్సిజన్‌ తగ్గితే ఎర్రకణం కొడవలిలా వంగుతుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే మారిన జన్యువు ఒక్కో ప్రతి ఉన్నవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇంతవరకూ అనువంశికతతో చెప్పొచ్చు.

మరి ఇంత కీడు చేసే జన్యువు ఆదిలాబాద్‌, పాడేరు ఏజెన్సీల్లో తరతరాలుగా ఎందుకు నిలిచింది? ఒక్క ప్రతి ఉన్నవారికి తీవ్ర మలేరియా నుంచి రక్షణ ఉంటుంది గనుక. మలేరియా కోసమని ఆ మార్పు రాలేదు. యాదృచ్ఛికంగా వచ్చి, పనికొచ్చి నిలిచింది. ప్రకృతి వరణం అంటే ఇదే. పిల్లలు తప్పుగా అర్థం చేసుకునేది సరిగ్గా ఇక్కడే.

ప్రకృతి వరణం భాగాన్ని వచ్చే ముద్రణలో ఈ ఉదాహరణతో సహా తిరిగి చేర్చండి.

ఇట్లు,
జీవశాస్త్ర ఉపాధ్యాయులు