సాలిడ్ యాక్సిల్ బుకింగ్‌లు ఆపేశాను, అడ్వాన్స్‌లు తిరిగి ఇచ్చేస్తున్నాను

అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో మన షాపుకి వచ్చే ఫోర్ బై ఫోర్ పికప్ ఓనర్ల కోసం రాస్తున్నాను. సంక్రాంతి అప్పుడు నేనే చెప్పాను, పాత పికప్‌లకి ముందు వైపు సాలిడ్ యాక్సిల్ వేసే పని మొదలుపెడతాం, వానలు పడేలోపు మొదటి బండి రోడ్డెక్కుతుందని. ఆ మాట నమ్మి నలుగురు తలా 25 వేలు అడ్వాన్స్ ఇచ్చారు. వానలు వచ్చేశాయి, బండి ఇంకా స్టాండ్ల మీదే ఉంది. ఆ నలుగురి పని ఇప్పుడు చెయ్యను. డబ్బు పూర్తిగా, ఒక్క రూపాయి కోత లేకుండా తిరిగి ఇస్తున్నాను. ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెబుతుంటే ఎవరికీ పూర్తి విషయం అందట్లేదు, అందుకని అంతా ఒకచోట రాస్తున్నాను.

ఈ పని గురించి కొత్తగా వింటున్నవాళ్లకి రెండు మాటలు. ఎడ్లబండి ఇరుసు చూసే ఉంటారు కదా, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే దూలం, ఒక చక్రం రాయెక్కితే రెండోది కిందికి నొక్కుకుంటుంది. పాత మహీంద్రా ఎంఎం 540 జీపులకీ, మారుతి జిప్సీలకీ ముందు ఉండేది అదే పద్ధతి, అందులో గేర్లు ఉన్న ఇనుప దూలం అన్నమాట. మన దగ్గరికి వచ్చే పికప్‌లలో ముందు రెండు చక్రాలూ దేనికది విడిగా ఆడతాయి, పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, మధ్యలో టార్షన్ బార్, అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీ. తారు రోడ్డు మీద సుఖం దీనిలోనే ఉంది. కానీ అనంతగిరి పైన కాఫీ తోటల్లోకి, పాడేరు అవతల సంతలకి రాళ్ల దారిలో లోడుతో వెళ్లేవాళ్లకి ముందు చక్రం గాల్లోకి లేచిపోవడం, బాల్ జాయింట్లు అరిగిపోవడం, యాక్సిల్ బూట్లు (జాయింట్ల మీది రబ్బరు తొడుగులు) చిరిగి గ్రీజంతా బయటికి కొట్టేసి జాయింట్లో మట్టి చేరడం తెలుసు. పైగా ఎత్తు కోసమని టార్షన్ బార్ బోల్టులు బిగించేస్తారు, దాంతో జాయింట్ వంపు పెరిగి బూటు ఇంకా త్వరగా పోతుంది. అందుకే అందరూ సాలిడ్ యాక్సిల్ అడుగుతున్నారు. అడగడం న్యాయమే. అమెరికాలో టయోటా తన పికప్‌లకి 1985 మోడల్ దాకా ముందు సాలిడ్ యాక్సిల్ ఇచ్చి 1986 నుంచి విడి సస్పెన్షన్‌కి మారితే, తర్వాతి మోడళ్లు కొన్నవాళ్లు చాలామంది మళ్లీ యాక్సిల్ వేయించుకున్నారు. అంటే ఇది అసాధ్యమైన పని కాదు. నేను ఒప్పుకున్నప్పుడు నా దృష్టి అక్కడిదాకానే వెళ్లింది.

షాపు ముందు నిలబెట్టే ఆకుపచ్చ పికప్ మీ అందరికీ తెలుసు. ప్రయోగం దాని మీదే మొదలుపెట్టాం. మొదట దొరికిన యాక్సిల్ మిలిటరీ వేలంలో వచ్చిన ఒక పాత బండిది, బయటి ఊరి పాత సామాన్ల వ్యాపారి దగ్గర కొన్నాను. కొత్తగా నల్ల రంగు వేసి పంపాడు. మా మేస్త్రికి రంగు మీదే అనుమానం వచ్చింది, బ్రష్‌తో గీకితే కమాను కట్ట (లీఫ్ స్ప్రింగు) కూర్చునే చోట పాత వెల్డింగ్ అతుకు బయటపడింది. లేత్ దగ్గరికి తీసుకెళ్లి ఈ చివర నుంచి ఆ చివరకి సెంటర్ చూపిస్తే ట్యూబు 6 మిల్లీమీటర్లు వంగి ఉంది. అది వేసుంటే టైర్లు ఒక పక్క కొరుక్కుపోయేవి, లోపల షాఫ్ట్ ఆయిల్ సీళ్లు నిలిచేవి కావు. సగం డబ్బే వెనక్కి వచ్చింది. అక్కడ నెలన్నర పోయింది.

రెండో యాక్సిల్ తిన్నగానే ఉంది, కానీ డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల గుండు) కుడివైపు. మా పికప్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ శక్తిని ముందుకీ వెనక్కీ పంచే గేర్ పెట్టె) నుంచి ముందుకి వచ్చే షాఫ్ట్ ఎడమవైపు. కలవదు, కలిపే దారి కూడా లేదు, ఇంజన్ ఆయిల్ చాంబర్ అడ్డం. కాబట్టి యాక్సిల్ కొనేముందు మీ బండి కిందికి దూరి షాఫ్ట్ ఏ పక్క వస్తుందో చూసుకోవాలి, మిగతా కొలతలన్నీ దాని తర్వాతే. ఇప్పుడు స్టాండ్ మీద ఉన్నది మూడోది. వెడల్పు మా పికప్ ట్రాక్ (రెండు చక్రాల మధ్య దూరం) కంటే జానెడు తక్కువ. చక్రానికీ హబ్‌కీ మధ్య స్పేసర్లు అనే దిమ్మలు వేసి వెడల్పు చేసేయొచ్చని చాలామంది అంటున్నారు. టన్ను లోడు మోసే బండికి అంత స్పేసర్ వేసి హబ్ బేరింగ్ మీద ఆ బరువంతా పెట్టడం నాకు ఇష్టం లేదు. ట్యూబు పొడిగించి, కొత్త షాఫ్ట్‌లు చేయించాల్సిందే.

గేర్ లెక్క, అంటే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనే రేషియో, కూడా అందరూ తేలిగ్గా తీసుకునేదే. ఉదాహరణకి వెనక యాక్సిల్‌లో 4.1, ముందు తెచ్చినదాంట్లో 4.88 ఉందనుకోండి, టూ వీల్‌లో నడిపితే మీకేమీ తెలియదు, ఫోర్ వీల్ వేసిన క్షణం ముందు చక్రాలు ఒక వేగం, వెనకవి ఒక వేగం తిరగాలని లాక్కుంటాయి, బురదలో జారి సర్దుకుంటాయేమో గానీ గట్టి నేల మీద జాయింటో, షాఫ్టో, ట్రాన్స్‌ఫర్ కేసో ఏదో ఒకటి విరుగుతుంది. రెండూ ఒకటే రేషియో ఉండాలి, అంటే డిఫరెన్షియల్ లోపలి గేర్ల జత, క్రౌన్ పినియన్ సెట్టు మార్చాలి, అది దొరకాలి, దొరికాక సరిగ్గా షిమ్ములు (పల్చటి రేకులు) పెట్టి కూర్చోబెట్టే చేయి ఉండాలి. మా దగ్గర ఆ చేయి ఉంది. సెట్టు మాత్రం ఇంకా రాలేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపింది స్టీరింగ్. ఇప్పుడున్నది రాక్ అండ్ పినియన్, అంటే పళ్లున్న కడ్డీ అటూ ఇటూ జరిగి చక్రాలు తిప్పేది, చాసిస్‌కి బిగించి ఉంటుంది. యాక్సిల్ మొత్తం ఒకే దూలంగా పైకీ కిందికీ ఆడేటప్పుడు ఆ రాక్ పనికిరాదు. స్టీరింగ్ బాక్స్ పెట్టాలి, దాన్నుంచి డ్రాగ్ లింక్ అనే కడ్డీ నకిల్‌కి (చక్రం పక్కకి తిరిగే కీలు ముక్కకి) రావాలి. కమాను కట్టలతో చేస్తే కట్టే యాక్సిల్‌ని పట్టుకుంటుంది. కాయిల్ స్ప్రింగులు పెట్టి లింకులతో చేస్తే మాత్రం యాక్సిల్ పక్కకి పోకుండా ప్యాన్‌హార్డ్ రాడ్ కావాలి, ఆ రాడ్డూ డ్రాగ్ లింకూ దాదాపు ఒకే పొడవుతో, ఒకే వాలుతో ఉండాలి. లేకపోతే గుంత పడ్డప్పుడల్లా మీరు తిప్పకపోయినా స్టీరింగ్ దానంతటది తిరుగుతుంది. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో అలా తిరిగితే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే కమాను కట్టలే అని తేల్చుకున్నాను. మెత్తగా ఉండదు, నిజమే, కానీ పాడేరులో కట్ట విరిగితే పాడేరులోనే బాగుచేయించుకోవచ్చు.

ఇంకో చిక్కు క్యాస్టర్ కోణం, అంటే నకిల్ తిరిగే గీత పైభాగం వెనక్కి వాలే కోణం. స్టీరింగ్ తిప్పి వదిలాక తనంతట తాను తిన్నగా రావాలంటే 5 నుంచి 7 డిగ్రీలు ఉండాలని పెట్టుకున్నాను. యాక్సిల్‌ని ఆ మేరకు తిప్పితే డిఫ్ మూతి (డిఫరెన్షియల్‌కి షాఫ్ట్ బిగించే చోటు) నేలకి వంగుతుంది, షాఫ్ట్ జాయింట్ కోణం పాడవుతుంది. మూతి పైకి లేపితే క్యాస్టర్ పోయి స్పీడులో ముందు చక్రాలు వణుకుతాయి. రెండూ సరిగా రావాలంటే నకిల్ బిగించే చివరలు కోసి, తిప్పి, మళ్లీ వెల్డ్ చెయ్యాలి. కోసి అతికించిన చోట మీ పిల్లలు కూర్చున్న బండి బరువు పడుతుంది. వెల్డింగ్ నా దృష్టిలో అంత పెద్ద విషయం. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు ఉన్న ఊరు మనది, మంచి వెల్డర్లకి కొదవ లేదు. అలాంటి పనిలో ఏళ్లు గడిపి రిటైరైన ఒక పెద్దాయన్ని అడిగాను. పోత ఇనుముకి ఉక్కు ట్యూబు అతికేటప్పుడు ముందు వేడి చెయ్యకుండా, తర్వాత నెమ్మదిగా చల్లారనివ్వకుండా చేస్తే అతుకు పక్కనే పగులుతుందని చెప్పి, ఆయనే వచ్చి దగ్గరుండి చేయిస్తానన్నారు. ఆయన మోకాలి ఆపరేషన్ అయి నడిచేదాకా ఆగుతాను. వేరేవాళ్లతో చేయించను.

ఇక చాసిస్. ఆకుపచ్చ బండి నా దగ్గరికి రాకముందు ఫిషింగ్ హార్బర్‌లో చేపల పెట్టెలు మోసింది. ఐసు కరిగిన ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి కారాయి, ఆపైన సముద్రపు గాలి. సాలిడ్ యాక్సిల్ పెట్టాలంటే ముందున్న క్రాస్ మెంబర్ కోసెయ్యాలి. అది ఆర్ములు బిగించడానికి మాత్రమే ఉందనుకుంటారు గానీ చాసిస్ రెండు పట్టాలనీ విడిపోకుండా పట్టుకునేదీ అదే, ఇంజన్ బరువు పడేదీ ఆ చుట్టుపక్కలే. దాని వెనక భాగం చిన్న సుత్తితో కొట్టుకుంటూ వెళ్తే ఒక అడుగు మేర శబ్దం మారిపోయింది. గట్టి ఇనుము ఖంగుమంటుంది, ఇది డబ్బా మోగినట్టు మోగింది. లోపల్నుంచి తినేసింది. బయట రంగు నిగనిగలాడుతోంది. నలుగురి బండ్లలో రెండు కూడా హార్బర్ పని చేసినవే, మీ ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పాను. యాక్సిల్ సంగతి పక్కన పెట్టి ముందు చాసిస్ చూపించుకోండి, చూసినందుకు డబ్బు తీసుకోను.

ఎత్తు గురించి కూడా నిజం చెప్పాలి. యాక్సిల్ పైకి ఆడటానికి ఆయిల్ చాంబర్ కింద ఖాళీ కావాలి. అట్టముక్కలతో నమూనా చేసి చూసుకుంటే బండి 5 అంగుళాలు లేవక తప్పట్లేదు. ఖాళీ బండి రాళ్ల మీద బ్రహ్మాండంగా ఉంటుంది. అదే బండి అల్లం, పసుపు బస్తాలు నిండా వేసుకుని అరకు ఘాట్ మలుపులు దిగితే బరువంతా పైన ఉండి పక్కకి లాగుతుంది. సాలిడ్ యాక్సిల్ వేస్తే కింద ఖాళీ ఎక్కువొస్తుందనే మాట కూడా సగమే నిజం. డిఫ్ గుండు చక్రాలతో పాటే కింద ఉంటుంది, దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే. చక్రం పైకి నొక్కుకున్నప్పుడు కూడా ఆ ఖాళీ తగ్గదు, లాభం అంతవరకే.

చట్టం సంగతి నేను మొదట్లోనే చెప్పాల్సింది, చెప్పలేదు, అది నా తప్పు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేయించిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మీవి గూడ్స్ బండ్లు, ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లాలి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది ఇలాంటి మార్పులే. కుటుంబం మొత్తం ఆ బండి కిరాయి మీదే బతుకుతున్నవాళ్లకి నేను ఈ పని చేసి తాళం చేతికివ్వలేను. ఆకుపచ్చ బండి పూర్తయినా రోడ్డు మీదికి రాదు, లారీ మీద ఎక్కించి ప్రైవేటు తోటలోకి తీసుకెళ్లి అక్కడే నడుపుతాం. ఒక వానాకాలం మొత్తం నడిపాక ఏం విరిగిందో, ఏం నిలిచిందో ఫొటోలతో పెడతాను.

మరి మీ దారి సంగతేంటి? అడ్వాన్స్‌గా ఇచ్చిన ఆ 25 వేలకి ఇంకొంత కలిపితే, నా లెక్కలో మీ ఇబ్బందిలో ఎక్కువ భాగం తీరుతుంది. బుష్‌లు, బాల్ జాయింట్లు, బూట్లు కొత్తవి వేసి, బిగించేసిన టార్షన్ బార్‌ని మళ్లీ ఉండాల్సిన ఎత్తుకి దించి ఎలైన్‌మెంట్ చేయిస్తే ముందు చక్రాలకి పోయిన ఆట చాలావరకు తిరిగి వస్తుంది. మంచి ఆల్ టెర్రైన్ టైర్లు, కంపెనీ సైజులోనే. బురదలో ఖాళీ బండికి గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించండి, తారు ఎక్కేముందు మళ్లీ నింపండి, దానికి బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్ చాలు. లోడుంటే మాత్రం గాలి తగ్గించొద్దు. గత నెల చింతపల్లి అన్న ఇంతే చేయించుకుని వెళ్లి, ఇదివరకు ట్రాక్టర్ పిలిచి లాగించుకునే ఎత్తు మొన్న వానలోనే ఎక్కానని ఫోన్ చేశాడు.

డబ్బు విషయం. ఇద్దరికి ఈ సోమవారం అకౌంట్లో వేస్తాను, మిగతా ఇద్దరికి వచ్చే నెల 10వ తేదీలోపు, ఎందుకంటే మొదటి యాక్సిల్‌లో పోయిన డబ్బు ఇంకా సర్దుకుంటున్నాను. ఎవరికైనా అత్యవసరమైతే ముందే చెప్పండి, వరస మారుస్తాను. మామూలు సర్వీసు పనులు ఎప్పటిలాగే నడుస్తున్నాయి, వానల వల్ల బ్రేకుల పని ఎక్కువుంది, రెండు రోజుల ముందు చెప్పి రండి. ఆదివారం ఉదయం 10 నుంచి ఒంటిగంట దాకా షాపు తెరిచే ఉంచుతాను, యాక్సిల్ స్టాండ్ మీద విప్పి ఉంటుంది, వంగిన పాత హౌసింగ్ కూడా పక్కనే పెట్టాను. టేపు తెచ్చుకుని మీరే కొలిచి చూసుకోండి.