కారు కొనబోతున్న బుజ్జికి

ఖమ్మం

చి. బుజ్జికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన మైలేజీ పట్టిక మీ అమ్మకి కూడా చదివి వినిపించాను. ఆటోమేటిక్ గేర్లలో మారుతి వాళ్ల సెలెరియో లీటరుకి 26.68 కిలోమీటర్లు, డిజైర్ 25.71 అని రాసి, సెలెరియో పక్కన టిక్కు పెట్టావు. ఫోన్లో చెబితే సగంలో "మీటింగుంది నాన్నా" అంటావు, అందుకే ఉత్తరం.

ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు తోలినవాణ్ణి. మేం మైలేజీ అనేవాళ్లం కాదు, కేఎంపీఎల్ అనేవాళ్లం, అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లని. ఎవరి చేతిలో బస్సు ఎంత డీజిల్ తాగిందో డిపోలో డ్రైవరు వారీగా లెక్క ఉండేది. లీటరుకి ఐదు దాటించినవాడు కాలరెగరేసుకు తిరిగేవాడు. ఒక నెల నాది నాలుగున్నరకి పడింది. బస్సు మీద నెపం పెట్టబోయాను. తీరా చూస్తే అదే బస్సు మీద, అదే రూటులో రెండో డ్రైవరుకి ఐదుంపావు వచ్చింది! నా ఎడమ కాలు ఊరికే క్లచ్ మీద ఉంటోందని ఆయనే పక్కన కూర్చుని పట్టుకున్నాడు. చాలా రోజులు సిగ్గేసింది.

నీ పట్టికలో అంకెలు అబద్ధాలని అనను. కానీ అవి నీ రోడ్డువి కావు. ఆ అంకెలు తేల్చే పరీక్షలో బండిని రోలర్ల మీద ఎక్కించి, ఏసీ ఆపేసి, ముందే రాసిపెట్టిన వేగాల ప్రకారం నడుపుతారు. సాయంత్రం ఆరింటికి హైదరాబాదులో నువ్వు నానక్‌రామ్‌గూడ నుంచి మియాపూర్ వచ్చేటప్పుడు కొత్తగూడలో పది నిమిషాలు ఇరుక్కుంటే, ఏసీ నడుస్తుంది, ఇంజను తాగుతుంది, బండి మాత్రం కదలదు. పైగా ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అదే లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కన్నా మూడో వంతు శక్తి తక్కువ, దాని కోత దానిది. ఆ రోడ్డు మీద ఏ బండికైనా 16, 17 వస్తే సంతోషించు.

ఇక అసలు లెక్క. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతావనుకో. మీ బాబాయి ఇచ్చిన పాత బండి 11 ఇస్తోందన్నావు, అంటే నెలకి 91 లీటర్లు. కొత్తది 17 ఇస్తే 59 చాలు. ముప్పై రెండు లీటర్లు మిగిలాయి, అది డబ్బు. అక్కణ్ణుంచి 17ని 18 చేస్తే మిగిలేది మూడు లీటర్లే. పట్టికలోని 25.71కీ 26.68కీ తేడా ఎంతో తెలుసా? వెయ్యి కిలోమీటర్లకి లీటరున్నర కూడా కాదు. నువ్వు ఒక్కసారి తాగే కాఫీ ఖరీదు అంతకంటే ఎక్కువని మీ అమ్మ అంటోంది.

మీ ఆఫీసులో చెప్పిన హైబ్రిడ్, అదే పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు కూడా ఉండే బండి, మంచిదే. నత్తనడక ట్రాఫిక్‌లో ఇంజను ఆగి మోటారే లాగుతుంది, బ్రేకు వేస్తే వృథా పోయే శక్తి కొంత బ్యాటరీలోకి చేరుతుంది. రోజంతా ఊళ్లో తిరిగేవాళ్లకి అది కొనాలి. నీ వెయ్యి కిలోమీటర్లకి ఆ అదనపు లక్షలు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. డీజిల్ వద్దు, రోజూ ఇంత చిన్న దూరాలకి అందులో పొగమసిని పట్టే ఫిల్టరు మూసుకుపోతుంది. సీఎన్‌జీ చవకే గానీ, డిక్కీలో సిలిండరు కూర్చుంటే ఇక్కణ్ణుంచి తీసుకెళ్లే బియ్యం బస్తా, ఆవకాయ జాడీ నీ ఒళ్లో పెట్టుకుంటావా?

నా ఓటు డిజైర్‌కి. ధర ఎక్కువే, కాదనను. కానీ 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు కార్లని గుద్దించి చూసే పరీక్షలో పెద్దల భద్రతకి ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న బండి అది. రాత్రిపూట లారీల మధ్య ఖమ్మం రోడ్డు మీద నువ్వొస్తుంటే నాకు లీటరున్నర పెట్రోలు గుర్తుకు రాదు. ఒక్కటే అనుమానం, సీటు కిందకుంటుంది, మీ అమ్మ మోకాళ్లు ఏమంటాయో. ఆవిణ్ణి ఎక్కించి దింపి చూశాకే అడ్వాన్సు కట్టు.

టెస్ట్ డ్రైవ్ ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద ఇస్తామంటారు. ఒప్పుకోకు. శుక్రవారం సాయంత్రం, ఏసీ వేసి, కొత్తగూడ వైపే అడుగు. బండి మెల్లగా పాకేటప్పుడు ఆ ఆటోమేటిక్ గేర్లు కుదుపుతాయేమో అక్కడే తెలుస్తుంది.

ఈలోపు పాత బండితో ఒక పని చెయ్యి. ట్యాంకు ఫుల్ చేయించి మీటరు రాసుకో. అయిపోవచ్చాక అదే బంకులో మళ్లీ ఫుల్ కొట్టించి, తిరిగిన కిలోమీటర్లని పోసిన లీటర్లతో భాగించు. తర్వాత నాలుగు టైర్లలో గాలి సరిచూయించి ఇంకో ట్యాంకు తోలు. ఆ 11 అక్కడే ఉంటుందో, పెరుగుతుందో చూద్దాం.

వచ్చే శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి మీ అమ్మా నేనూ వస్తున్నాం. నువ్వు తోలేటప్పుడు పక్క సీట్లో నేను కూర్చుంటాను, నీ కాలు ఎక్కడుంటుందో చూడాలి.

నాన్న