స్టోరులో పప్పు ఎప్పుడొస్తుంది మంత్రిగారూ?

గౌరవనీయులైన పౌరసరఫరాల శాఖ మంత్రివర్యులకు,

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక పొదుపు సంఘం లీడరు నమస్కరించి రాయునది.

ఈ ఉత్తరం ఇలా అందరూ చదివేలా రాయాలని మాకేమీ సరదా లేదు. రేషన్ స్టోరులో కందిపప్పు రావట్లేదని వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చాం. సోమవారం కలెక్టరేట్‌లో లైనులో నిలబడి ఇచ్చాం. రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కి ఫోన్ చేశాం. అర్జీ ఇచ్చిన కొన్నాళ్లకు మా ఫోన్లకు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. అది నమ్మి సంచి పట్టుకుని స్టోరుకి పోతే, డీలరన్న మెసేజ్ చదివి, "పప్పు మీకు ఫోన్లోనే వచ్చేసినట్టుంది కదమ్మా" అన్నాడు. ఆయన్ని మేమేమీ అనలేదు. ఆయన దగ్గర ఉంటే ఇవ్వడా? మా నోళ్లకు ముందు దొరికేది ఎప్పుడూ ఆయనే, పాపం.

అడుగుతున్నది కార్డుకు ఒక కిలో కందిపప్పు, 67 రూపాయలకు. ఇస్తామన్నది మీరే కాబట్టి ఆ వివరాలు మళ్లీ మీకు చెప్పక్కర్లేదు. 2020 దాకా అది 40 రూపాయలుండేది. అప్పటి ప్రభుత్వం 67 చేసినప్పుడు ఏడ్చాం. ఇప్పుడు ఆ 67 కోసమే ఏడుస్తున్నాం. మా వీధి అంగట్లో కిలో 120. మంచిది కావాలంటే ఇంకో పది వేసుకోండి అంటాడు. మంచిది కానిది ఎలా ఉంటుందని అడిగితే, అదీ మంచిదేనమ్మా అంటాడు.

స్టోరులో మాకు దొరికే సమాధానం ఒక్కటే, స్టాక్ రాలేదు. ఒక నెల కొంచెం వస్తుంది. ఒకటో తేదీ పొద్దున్నే పోయినవాళ్లకు దొరుకుతుంది, నాలుగో తేదీకి అయిపోతుంది. ఒకటో తేదీన చేతిలో డబ్బులుండేవాళ్లు మా వీధిలో ఎంతమంది అనుకుంటున్నారు? ఇక్కడి ఆడవాళ్లలో సగం మంది లాడ్జీల్లో గదులు ఊడ్చేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు. వాళ్లకు జీతం అయిదో తేదీకో, ఏడో తేదీకో వస్తుంది. జీతం వచ్చేసరికి పప్పు ఉండదు. పప్పు వచ్చిన రోజున డబ్బులుండవు. పదిహేనో తేదీ వరకు స్టోరు తెరిచే ఉంటుందని బోర్డు మాత్రం ఉంటుంది. తెరిచే ఉంటుంది, అబద్ధం కాదు. బియ్యం, వేలిముద్ర మిషను, డీలరన్న, ముగ్గురూ ఉంటారు.

మంచి చేసినదాన్ని మంచి అనకపోతే పాపం తగులుతుంది. 2025 జూన్‌లో వీధుల్లోకి రేషన్ తెచ్చే బండ్లు తీసేసి మళ్లీ షాపులు పెట్టారు. మాకు నచ్చింది. బండి ఎప్పుడొస్తుందో అని పని మానుకుని వీధి మొదట్లో నిలబడే బాధ తప్పింది. 65 ఏళ్లు దాటినవాళ్లకు బియ్యం ఇంటికే తెచ్చి ఇస్తున్నారు, మా ఎదురింటి అవ్వ మిమ్మల్ని దీవిస్తోంది. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు మా మగవాళ్లు మధ్యాహ్నం కడుపు నిండా తిని పనికి పోతున్నారు. ఏడాదికి మూడు సిలిండర్లు ఇస్తున్నారు, ముందు మేం కట్టినా డబ్బు ఖాతాలో పడుతోంది. ఇన్ని చేశారు సరే, ఆ గ్యాసు మీద పెట్టి ఉడికించడానికి పప్పు ఏది సార్?

ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసినందుకు కూడా థ్యాంక్స్ చెప్పాలి. ఎందుకంటే ఆ బస్సు మీదే మేం పప్పు సమస్యను పరిష్కరించుకున్నాం. ఎలాగో చెబుతాను, మీ శాఖకు పనికొస్తుందేమో.

పాకాల వైపు మా సంఘంలో ఒకామె పుట్టిల్లుంది. చెనిక్కాయ చేనులో మధ్యమధ్య కంది సాళ్లు వేస్తారు. సంక్రాంతి ముందు కొట్టిన కందులు ఉన్నాయంటే నలుగురం పోయాం. పోయేటప్పుడు ఖాళీ సంచులు, వచ్చేటప్పుడు మూటలు. కండక్టర్ మా ముఖాలు చూశాడు, మూటలు చూశాడు, "టికెట్టు మీకు ఫ్రీ, మూటలకు కాదు" అన్నాడు. లగేజీకి కట్టాం, ఆయన డ్యూటీ ఆయనది.

తెచ్చిన కందులు పప్పు కావాలంటే ఎంత పనో మీకు తెలుసో తెలియదో. నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, రాత్రంతా కుప్పగా కప్పిపెట్టి, మేడ మీద రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. మన్ను రాలగొట్టి తిరగలిలో విసరాలి. మా వీధి మొత్తానికి తిరగలి ఒకే ఇంట్లో ఉంది, అదీ గోడకు ఆనించి దాని మీద పూలకుండీ పెట్టి ఉంది. కుండీ దించి, కడిగి, అవ్వను కూర్చోబెట్టాం. చేతిలో బలం లేకపోయినా ఎంత పోయాలో, ఎప్పుడు ఆపాలో ఆమెకే తెలుసు. గుప్పెడు ఎక్కువ పోస్తే కసురుకుంటుంది. చేటలో చెరిగితే పొట్టు ఒకవైపు, నూక ఒకవైపు, పప్పు ఒకవైపు. నాలుగు కిలోల కందులు పోస్తే పప్పు మూడు కిలోలకు తక్కువే తేలింది. రుచి మాత్రం అంగడి పప్పుకు రాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ లాడ్జీలో పది గదులు కడిగి వచ్చిన మనిషి తిరగలి తిప్పాలంటే ఎన్నాళ్లు తిప్పుతుంది? రెండో విడతకు సగం మంది రాలేదు. రానివాళ్లను తప్పు పట్టలేదు.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. హోల్‌సేల్‌లో 30 కిలోల మూట తెస్తున్నాం. కిలో 105 పడుతోంది, ఆటో చార్జీ కలిపితే ఇంకొంచెం. కూరగాయల బండి అన్న దగ్గర కాటా అడిగి తెచ్చి మా ఇంటి వసారాలో పంచుతాం. రెండు కిలోలు తీసుకునేవాళ్లు, కిలో తీసుకునేవాళ్లు, అరకిలో చాలక్కా అని నేల చూపులు చూసేవాళ్లు. మూట అడుగున దుమ్ము, విరుగు ఎవరికి వెయ్యాలన్నది ప్రతిసారీ పంచాయితీ. తూకంలో తరుగు వస్తే ఆ వంద గ్రాములు ఎవరి లెక్కలో రాయాలన్నది ఇంకో పంచాయితీ. డబ్బు తర్వాత ఇస్తాననేవాళ్ల పేర్లు పొదుపు పుస్తకం వెనక పేజీలో రాస్తున్నాం. ముందు పేజీల్లో పొదుపు, వెనక పేజీల్లో పప్పు బాకీ. ఇప్పుడు వెనక పేజీలు అయిపోవస్తున్నాయి.

ఇది కాక ఇంట్లో చేసుకునే సర్దుబాట్లు వేరే. పావుకిలో పప్పులో రెండు కట్టల ఆకు వేసి ఎనుపుతున్నాం. పేరుకు పప్పు, తినేది ఆకు. చలికాలం అనపకాయలు వచ్చినన్ని రోజులు పితికిపప్పుతో గడిచిపోతుంది, అవి అయిపోతే ఉలవలు. ఉలవచారు పెద్దవాళ్లకు ఓకే, పిల్లలు ముద్ద పక్కకు నెట్టేస్తారు. రాగిసంగటిలోకి ఊరిబిండి రుబ్బుకుందామంటే చెనిక్కాయలూ చవకేమీ కాదు. బాలింతకు పప్పు బాగా పెట్టండమ్మా అని పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. తల ఊపి వచ్చాం.

నూనె సంగతి కూడా ఒక్క మాట. 2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి సుంకం పెంచితే మా అంగట్లో పాత ప్యాకెట్లకు కూడా రాత్రికి రాత్రే కొత్త రేటు వచ్చింది. 2025 మే నెలాఖరులో ముడి నూనె మీద సుంకం 20 శాతం నుంచి 10కి తగ్గించారని పేపర్లో చదివి అంగట్లో అడిగితే, "అది ఢిల్లీలో తగ్గిందక్కా" అన్నాడు. పెరిగేటప్పుడు మాత్రం ఢిల్లీ కొర్లగుంట పక్కనే ఉంటుంది.

ఇక మాకు నిజంగా కడుపు మండిన విషయం. మేం వసారాలో పప్పు పంచుకుంటుండగా ఒక అధికారి వచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. హమ్మయ్య, పప్పు గురించి అడుగుతారు అనుకున్నాం. ఆయన కాటా పక్కన మమ్మల్ని వరసగా నిలబెట్టి ఫోటో తీయించారు. అవ్వను ముందుకు జరగమన్నారు, ఫోటోలో బాగుంటుందని. రెండు రోజుల్లో అది వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది, కింద ఒక వాక్యంతో: ధరల భారాన్ని సమష్టిగా ఎదుర్కొని ఆదర్శంగా నిలిచిన మహిళలు. మిగతా సంఘాలు కూడా ఇలాగే చేయాలట. స్టోరులో పప్పు రావట్లేదనే మాట అందులో ఎక్కడా లేదు.

మంత్రిగారూ, మేం ఆదర్శంగా నిలబడలేదు. గత్యంతరం లేక నిలబడ్డాం. మా సర్దుబాటును మీ ఘనతగా రాసుకోకండి. రేపు మీ దగ్గరికి ఫైలు వచ్చినప్పుడు, తిరుపతిలో ఆడవాళ్లు సొంతంగా చూసుకుంటున్నారు, అక్కడ డిమాండ్ లేదు అని రాస్తారేమోనని మా టెన్షన్. అందుకే ఈ ఉత్తరం.

లెక్క మాకు తెలియదని అనుకోవద్దు. 2025-26కి కంది మద్దతు ధర క్వింటాలు 8,000. కిలో 80 పెట్టి కొన్న కందులు పొట్టూ నూకా పోయి పప్పు అయ్యేసరికి 110 దాటుతుంది. దాన్ని 67కి ఇవ్వాలంటే కార్డుకు నలభైకి పైగా ప్రభుత్వం వేసుకోవాలి, రాష్ట్రంలో కోటీ 45 లక్షల కార్డులున్నాయి. ఖజానాకు బరువే, కాదనడం లేదు. కానీ ఆ బరువు తెలిసే కదా మాట ఇచ్చారు. పైగా 2025లో చాలా మార్కెట్లలో కంది మద్దతు ధర కంటే తక్కువకే పలికింది. రైతుకు ధర లేదు, మాకు పప్పు లేదు. మధ్యలో ఉన్నది ఎక్కడ ఉందో కాస్త కనుక్కోండి.

స్టోరు బియ్యం అమ్ముకుంటున్నారని టీవీల్లో తిడుతుంటారు. అమ్ముకునేవాళ్లున్నారు, మా వీధిలోనూ ఉన్నారు, అది తప్పే. ఆ డబ్బుతో వాళ్లు ఏం కొంటున్నారని ఎవరైనా అడిగారా? మా పక్కింటామె పది కిలోలు అమ్మి కిలో పప్పు తెచ్చుకుంది. బియ్యం ఒక్కటే ఇస్తే అన్నంలో అన్నం కలుపుకుని తినలేరు కదా సార్. ఆ కిలో పప్పు స్టోరులోనే ఉంటే ఆ బియ్యం బయటికి పోయేదే కాదు.

కొందరు పెద్దమనుషులు, తిరుపతిలో ఉంటూ తిండికి ఏం బాధ, కొండమీద వెంగమాంబ అన్నప్రసాదం ఉందిగా అంటారు. ఉంది, ఆ తల్లి చల్లగా ఉండాలి. రోజూ పిల్లల్ని తీసుకుని కొండెక్కి భోంచేసి రావడం ఎవరి వల్ల అవుతుంది? ఘాట్ బస్సులో మాకు టికెట్టు ఫ్రీ కూడా కాదు. అయినా అది దూరం నుంచి వచ్చే భక్తులకు, మేం రోజూ పోయి కూర్చుంటే బాగుండదు.

మా కోరిక చిన్నదే. ఒకటో తేదీకి బియ్యంతో పాటు పప్పు కూడా స్టోరుకి పంపండి. అందరికీ సరిపడా పంపండి, పదిహేనో తేదీ వరకు ఉండేలా పంపండి. ఒక నెల పంపలేకపోతే ఈ నెల పప్పు రాదు అని ముందే బోర్డు రాయించండి, ఆ ఒక్క పూటైనా పని మానుకుని రాకుండా ఉంటాం. అసలే ఇవ్వలేమంటే అదైనా నోరు తెరిచి చెప్పండి. ఇవ్వం అన్నా తట్టుకుంటాం, స్టాక్ వస్తోంది అనే మాటే తట్టుకోలేకపోతున్నాం. ఇంకోటి, పరిష్కరించబడినది అనే మెసేజ్ పంపే ముందు అర్జీ ఇచ్చిన మనిషికి ఎవరో ఒకరు ఫోన్ చేసి, పప్పు వచ్చిందా అమ్మా అని అడగమనండి. దయచేసి పప్పు పంపండి సార్. ఎన్ని రాసినా మళ్లీ అక్కడికే వస్తున్నాను.

ఆ అధికారిగారు మళ్లీ వస్తామన్నారు. రమ్మనండి. ఈసారి మా వసారాకు కాదు, ఎనిమిదో తేదీన స్టోరుకి రమ్మనండి. ఫోటో అక్కడ తీసుకోవచ్చు.

ఇట్లు,
ఒక పొదుపు సంఘం లీడరు,
కొర్లగుంట, తిరుపతి.

తా.క.: చక్కెర గురించి ఇందులో రాయలేదు. అది సరిగ్గా వస్తోందని కాదు.