వార్షిక నివేదిక 2024–25: పర్లాకిమిడి లైను నమూనా రైలుపెట్టె నిర్మాణం, ఇతర కార్యక్రమాలు

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సోదర సోదరీమణులకు నమస్కారాలు. తోటలో పట్టాలు పరిచి చిన్న నమూనా రైళ్ళు నడిపే మన సంఘం గడచిన సంవత్సరపు కార్యకలాపాలను నిబంధనావళి ప్రకారం మీ ముందుంచుతున్నాను. ఈ ఏడాది కార్యవర్గం ఆరుసార్లు సమావేశమైంది. వేసవిలో పిల్లలకు రెండు రోజుల శిక్షణ జరిగింది. వర్షాలకు కుంగిన తూర్పు మలుపులో పట్టాలు ఎత్తి, కంకర మళ్ళీ పరచాము. ఈ పనులన్నీ మీకు తెలిసినవే కనుక వాటి గురించి ఎక్కువ చెప్పను. ఈ నివేదికలో ప్రధానంగా చెప్పవలసినది పద్నాలుగు నెలలపాటు మన చేతులతోనే, బజారులో దొరికే కిట్టు ఏదీ లేకుండా కట్టిన పర్లాకిమిడి లైట్ రైల్వే ప్రయాణికుల పెట్టె గురించి.

ఆ లైను మన జిల్లాల వారికి పరాయిది కాదు. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి చొరవతో 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి వరకు సుమారు 40 కిలోమీటర్ల మేర ప్రారంభమైన ఈ చిన్న గేజి (పట్టాల మధ్య దూరం తక్కువగా ఉండే) మార్గం 1931 నాటికి వంశధార ఒడ్డున ఉన్న గుణుపూర్ వరకు సాగింది. 2004లో చిన్న బండి ఆగిపోయింది, ఆ తరువాత లైను బ్రాడ్‌గేజ్‌గా మారింది. మన సభ్యులలో టెక్కలి, పాతపట్నం ప్రాంతాల నుంచి వచ్చి విశాఖలో స్థిరపడిన వారు చాలామంది ఆ బండిలోనే చదువులకు, పెళ్ళిళ్ళకు వెళ్ళారు. ఇన్నేళ్ళుగా మన తోటలో తిరుగుతున్నవన్నీ విదేశీ నమూనాల పెట్టెలే అన్న మాట ప్రతి వార్షికోత్సవంలోనూ వినిపిస్తూనే ఉంది. ఆ లోటు తీరాలని కార్యవర్గం తీర్మానించింది.

మొదట తేలవలసినది కొలత. అసలు లైను గేజి 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. మన తోటలోని పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లు. రెండున్నర అడుగులను 24తో భాగిస్తే 31.75 మిల్లీమీటర్లు వస్తుంది గనుక 1:24 నిష్పత్తి మన పట్టాలకు దాదాపు అచ్చంగా సరిపోతుంది. పైగా ఆ నిష్పత్తిలో అసలు పెట్టె మీది ఒక అడుగు నమూనాలో అర అంగుళం అవుతుంది, కనుక పాతకాలపు అడుగుల లెక్క తెలిసిన వడ్రంగి మేస్త్రి ఎవరైనా క్యాలిక్యులేటర్ లేకుండానే పని చేయగలరు. తోట రైళ్ళలో ఎక్కువగా వాడే 1:19 నిష్పత్తినే పట్టుకోవాలని కొందరు సభ్యులు గట్టిగా వాదించారు. ఆ నిష్పత్తిలో మన పట్టాలు రెండడుగుల గేజికి సరిపోతాయే తప్ప పర్లాకిమిడి గేజికి సరిపోవు. చక్రాల మధ్య దూరమే తప్పయితే మిగతా పనితనం ఎంత ఉన్నా ఆ పెట్టెను ఆ లైను పెట్టె అనలేము.

పాత చిత్తు పటాల కోసం ఒక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాము. మొదటి ఉత్తరానికి అందినట్టు రసీదు వచ్చింది, తరువాతి రెండింటికి అదీ రాలేదు. స్వయంగా వెళ్ళిన ఇద్దరు సభ్యులను మూడు గదులు తిప్పి, సంబంధిత అధికారి సెలవులో ఉన్నారని పంపించారు. ఒక రైలుమార్గం జ్ఞాపకాన్ని నిలబెట్టడానికి సొంత డబ్బు పెట్టుకుని వచ్చిన వారికి కాగితం చూపించడానికి కూడా తీరిక లేకపోవడం మనసుకు కష్టంగా ఉందని ఇక్కడ నమోదు చేయక తప్పదు.

చివరకు సభ్యుల ఇళ్ళలోని ఫొటోలే ఆధారమయ్యాయి. పెట్టెను ఎదురుగా తీసిన ఒక ఫొటోలో దాని కొన కిందనే పట్టాలు కనబడుతున్నాయి. వాటి మధ్య దూరం మనకు తెలిసినదే కనుక దానినే కొలబద్దగా చేసుకుని వెడల్పు, ఎత్తు తీసుకున్నాము. ఆ ఎత్తును పక్కనుంచి తీసిన మరో ఫొటోకు అన్వయిస్తే పొడవు తేలింది. ఆ లెక్కను ఆ లైనులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న గార్డు గారు తన జ్ఞాపకంలోని కిటికీల సంఖ్యతో సరిచూశారు. అలా మన నమూనా 18 అంగుళాల పొడవు, మూడున్నర అంగుళాల వెడల్పుగా స్థిరపడింది. అడుగు భాగం అమరిక అర్థం కావడానికి ముగ్గురు సభ్యులు సొంత ఖర్చుతో నాగపూర్ వెళ్ళి, మోతీబాగ్‌లోని నారోగేజ్ మ్యూజియంలో ఒక రోజంతా గడిపి వచ్చారు.

ఇక్కడ ఒక మాట వివరించాలి. మనవాళ్ళందరం పెట్టెనే బోగీ అంటాము గాని, పనిలో మాత్రం బోగీ అంటే పెట్టె కింద తిరిగే నాలుగు చక్రాల బండి. ఈ రెండు బోగీలే మమ్మల్ని ఎక్కువ కష్టపెట్టాయి. లోహపు చక్రాలను బ్రిటన్ నుంచి తెప్పించాము. చక్రాల లోపలి ముఖాల మధ్య 28 మిల్లీమీటర్లు ఉండాలన్నది ఈ గేజికి ఉన్న ప్రమాణం, అది అర మిల్లీమీటరు తప్పినా పట్టాలు రెండు దారులుగా చీలే పాయింట్ల దగ్గర చక్రం పట్టా మీదికి ఎక్కేస్తుంది. తోటలో పట్టాలు గచ్చు మీద పరిచినట్టు సమంగా ఉండవు కనుక, ఒక బోగీ ముందువెనుకలకు మాత్రమే వంగేలా, రెండోది అన్ని వైపులకూ ఒరిగేలా బిగించాము. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలకుండా నిలిచినట్టే పెట్టె బరువు మూడు చోట్ల ఆని నిలుస్తుంది. ఈ ఏర్పాటు కుదిరిన రోజు నుంచి పెట్టె ఒక్కసారి కూడా పట్టా తప్పలేదు.

మలుపుల లెక్క కూడా ముందే వేశాము. మన లైనులో అతి ఇరుకైన మలుపు వ్యాసార్ధం ఐదడుగులు. బోగీల కేంద్రాల మధ్య 12 అంగుళాలు పెట్టినప్పుడు, ఆ మలుపులో పెట్టె నడుమ భాగం లోపలికి సుమారు 8 మిల్లీమీటర్లు జరుగుతుంది, రెండు కొనలు బయటికి 9 మిల్లీమీటర్లకు పైగా వస్తాయి. అందుకోసం మలుపు పక్కనున్న ప్లాట్‌ఫారం రాళ్ళను అర అంగుళం వెనక్కి జరిపాము.

పెట్టె గోడలను నీటికి ఆగే సన్నని ప్లైవుడ్‌తో కట్టి, పైన చెక్క పట్టీలు అంటించాము. కిటికీలు ఇరువైపులా కలిపి 28. ఒక్కొక్క కిటికీకి తొమ్మిదేసి చెక్క రెక్కలు, మొత్తం 252. ఇవన్నీ ఒకే చేతితో, విశ్రాంత ఉపాధ్యాయురాలైన మన సభ్యురాలు రెండు నెలలు కూర్చుని కోసి, అరగదీసి, ఒకే వాలులో అమర్చారు. నా దృష్టిలో ఈ పెట్టె అందమంతా ఆ రెక్కలలోనే ఉంది. పైకప్పు మీది గాలిగూళ్ళను ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్రతో తమ లేత్ మీద తిప్పి ఇచ్చారు. బొమ్మలు చేసే చేతులు రైలుపెట్టెకు పనిచేయడం వారికీ కొత్తేనని సంతోషించారు.

పైకప్పు విషయంలో మా పొరపాటు ఒకటి చెప్పాలి. రెండు పొరల ప్లైవుడ్‌ను వంపు అచ్చు మీద వంచి అంటించాము గాని, వాడిన జిగురు తడికి ఆగేది కాదు. శ్రావణంలో ఒక సాయంత్రం వాన పడితే తెల్లవారేసరికి రెండు పొరలూ విడిపోయి ఉన్నాయి. మళ్ళీ ఎపాక్సీతో అంటించి, పాత చెక్క పెట్టెల కప్పులకు మందపాటి గుడ్డ పరిచి రంగు పూసే పద్ధతినే అనుసరించి, మల్లు గుడ్డ పరిచి మూడు పూతలు వేశాము. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళో ఇనుప మేకులు నిలవవు కనుక మరలన్నీ ఇత్తడివే వాడాము.

గత ఫిబ్రవరి రెండో ఆదివారం ఈ పెట్టె తొలి ప్రయాణం చేసింది. విశ్రాంత గార్డు గారు తన పాత పచ్చజెండాను ఇంటి నుంచి తెచ్చి ఊపారు. బండి కదిలి రెండో చుట్టు పూర్తయ్యేదాకా ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఆ తరువాత నౌపడ నుంచి స్టేషన్ల పేర్లు వరుసగా చదవడం మొదలుపెట్టారు. టెక్కలి పేరు వచ్చేసరికి వెనుక నిలబడిన పెద్దలు కూడా గొంతు కలిపారు. సంఘం స్థాపించినప్పటి నుంచి కార్యక్రమాలన్నీ చూసినవాణ్ణి, ఇంతటి రోజు ఇంకొకటి నాకు గుర్తు లేదు.

అయితే ఆ రోజు ఫొటోలలో నిలబడినవారు ముప్పై మందికి పైగా ఉండగా, పద్నాలుగు నెలల ఆదివారాలలో పనికి వచ్చినవారు ఎప్పుడూ ఐదుగురిని దాటలేదు. పట్టాలు శుభ్రం చేస్తామని పేర్లు ఇచ్చిన పదకొండు మందిలో ఇద్దరే కనిపించారు. ఎవరినీ నొప్పించాలని కాదు, ఉద్యోగాలూ సంసారాలూ అందరికీ ఉన్నాయి. రాలేకపోతే ఫోను చేసి చెప్పినా మిగిలినవారు ఆ పూట పనిని వేరుగా పంచుకునేవారు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తున్నారు. పెట్టెకు 23,400 రూపాయలు ఖర్చయింది, అందులో సగానికి పైగా చక్రాలకు, వాటి సుంకానికి పోయింది. లోటును ముగ్గురు సభ్యుల విరాళాలతో భర్తీ చేశాము.

తోటను ఏళ్ళ తరబడి సంఘానికి అప్పగించిన దంపతులకు, ముఖ్యంగా ప్రతి ఆదివారం మాకు పెసరట్లు పెట్టిన ఆ ఇంటి ఇల్లాలికి, బోగీ చట్రాలకు కూలి తీసుకోని కంచరపాలెం లేత్ షాపు మేస్త్రికి, ఫొటోలు ఇచ్చిన కుటుంబాలకు, ఏటికొప్పాక కళాకారులకు, గార్డు గారికి సంఘం తరఫున కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

రాబోయే సంవత్సరంలో ఇదే లైనుకు ఒక గార్డు పెట్టె కట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దానికి చక్రాలు మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఆ లైను పెట్టెల ఫొటోలు ఎవరి ఇంట్లో ఉన్నా, ముఖ్యంగా లోపలి బల్లలు కనిపించేవి ఉంటే, ఈ నెలాఖరులోగా నాకు అందజేయవలసిందిగా కోరుతున్నాను. వానలు మొదలయ్యేలోగా పడమటి మలుపులో కంకర పరచడానికి వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు పారలు, తట్టలు తోటలో సిద్ధంగా ఉంటాయి.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి